పాత కల్చర్ల జీనోమ్ చదివించే ముందు: మేనకోడలికి ఉత్తరం

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

విజయవాడలో మీ ల్యాబు బీరువా సర్దుతుంటే పాత యాంపూల్స్ (బ్యాక్టీరియాని ఎండబెట్టి మూసిన గాజు గొట్టాలు), ఎండిపోయిన స్లాంట్లు (ఏటవాలు జెల్లీ మీద బ్యాక్టీరియా పెంచిన ట్యూబులు) బయటపడ్డాయని, వాటికి జీనోమ్ సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలన్నీ చదివించడం) చేయించే పని గైడ్ గారు నీకు అప్పగించారని మొన్న ఫోన్లో చెప్పావు. నీ గొంతులో సంతోషం ఎంత వినబడిందో టెన్షనూ అంతే వినబడింది. జీవితమంతా ఈ కల్చర్లతోనే (ల్యాబులో పెంచే బ్యాక్టీరియాతోనే) గడిపినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది తీరిగ్గా రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని చదువుకో.

అన్నిటికంటే ముందు ఒక మాట. లేబుల్ మీద క్షయ బ్యాక్టీరియా పేరున్న యాంపూల్‌ని, పేరు చెరిగిపోయిన యాంపూల్‌ని మీ ల్యాబులో పగలగొట్టొద్దు. క్షయ కల్చర్ పెంచాలంటే బీఎస్‌ఎల్-3 (జీవ భద్రతలో మూడో స్థాయి) ల్యాబు ఉండాల్సిందే. టైఫాయిడ్, కలరా, రక్త విరేచనాల బ్యాక్టీరియా అయితే బీఎస్‌ఎల్-2 ఏర్పాట్లలో, సేఫ్టీ క్యాబినెట్ లోపలే తెరువు. ఈ విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకు.

ఇక అసలు సంగతి. పేరు ఒకటే కదా అని లోపలున్న బ్యాక్టీరియా కూడా ఒకటే అనుకోకు. మీ అమ్మమ్మ ఇంటి తోడు తీసుకెళ్లి నాలుగిళ్లలో పెరుగు తోడుపెట్టుకుంటే కొన్నేళ్లకు నాలుగు రుచులొస్తాయి. స్ట్రెయిన్ల (ఒకే బ్యాక్టీరియాలోని వేర్వేరు వంశాల) విషయంలో జరిగేదీ అదే. ల్యాబుల్లో ఎక్కువగా వాడే ఈ.కోలై బ్యాక్టీరియా జీనోమ్‌లో సుమారు 46 లక్షల డీఎన్‌ఏ అక్షరాలున్నాయి. కణం విడిపోయిన ప్రతి వెయ్యి సార్లలో ఇంచుమించు ఒకసారి కొత్త మ్యుటేషన్ (డీఎన్‌ఏలో మార్పు) వస్తుంది. వినడానికి తక్కువే. కానీ బాగా పెరిగిన కల్చర్ ఒక్క మిల్లీలీటర్లో వంద కోట్ల కణాలుంటాయి. అంటే రాత్రి పెట్టి పొద్దున తీసిన ట్యూబులోనే లక్షల మ్యుటేషన్లు తిరుగుతుంటాయి. వాటిలో చాలావరకు అలాగే కలిసిపోతాయి. మన సీసాలో, మన మీడియంలో (పెంచడానికి వేసే ఆహారంలో), మన ఫ్రిజ్‌లో బతకడానికి పనికొచ్చేది మాత్రం పైకొస్తుంది. తర్వాత దాన్నే మనం ఇంకో సీసాలోకి మారుస్తాం.

దీనికి మంచి ఉదాహరణ ఆర్‌పీఓ-ఎస్ అనే జీన్. ఆకలినీ ఒత్తిడినీ తట్టుకునే ఏర్పాట్లను నడిపించేది ఇదే. అయినా తిండి అయిపోయిన కల్చర్ని రోజుల తరబడి అలాగే ఉంచితే ఈ జీన్ బలహీనపడ్డ కణాలు మిగతావాటిని తోసేసి ట్యూబును ఆక్రమిస్తాయని 1993లో కోల్టర్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలో లోకమంతా వాడిన ఎల్‌టీ2 స్ట్రెయిన్ ఎలుకల్లో జబ్బు తేలేకపోవడానికి కారణం కూడా ఇదే జీన్‌లో మొదటి కోడాన్ (మూడక్షరాల మాట) మారిపోవడం. ఎక్కడో మూలనున్న అక్షరం కాదది, జీన్ మొదలయ్యే చోటే ఏటీజీ పోయి టీటీజీ అయింది. ఇలాంటిది కంటికి కనబడదు. ప్లేటు మీద కాలనీ (ఒక కణం నుంచి పెరిగిన చుక్క) మామూలుగానే ఉంటుంది.

మన భుజాల మీద మచ్చ వేసిన బీసీజీ క్షయ టీకా కథా ఇలాంటిదే. కాల్మెట్, గేరాన్ అనే శాస్త్రవేత్తలు 1908 నుంచి 1921 దాకా ఆ టీకాలోని బ్యాక్టీరియాని 230 సార్లు మార్చి మార్చి పెంచారు. అది రోగం తెచ్చే గుణాన్ని పోగొట్టుకుంది. దానికి ముఖ్య కారణమైన ఆర్‌డీ1 అనే డీఎన్‌ఏ భాగం ఎగిరిపోయిందని తెలిసింది మాత్రం 1990లలోనే. ఆ తర్వాత దేశదేశాలకు వెళ్లిన బీసీజీలు ఎక్కడికక్కడ మళ్లీ మారాయి. క్షయ పరిశోధనలో అందరూ ప్రమాణంగా పెట్టుకునే హెచ్37ఆర్‌వీ అనే స్ట్రెయిన్‌ని ఆరు ల్యాబుల నుంచి తెప్పించి చదివితే ఆ ఆరింటి మధ్యా తేడాలు కనిపించాయని 2010లో ప్రచురించారు.

కాబట్టి సీక్వెన్సింగ్ మిషన్ దగ్గర మొదలవదమ్మా, యాంపూల్ దగ్గరే మొదలవుతుంది. తెరవకముందే లేబుల్‌ని అన్ని వైపుల నుంచీ ఫొటో తియ్యి. ప్లాస్టర్ ముక్క మీద ఇంకుతో రాసిన అంకెలు స్పిరిట్ తగిలితే పోతాయి, అందుకే ముందు ఫొటో, తర్వాతే స్పిరిట్. గాజు మీద ఆకురాయితో గీత పెట్టి, దూదిలో చుట్టి విరువు. రెండు గొట్టాల యాంపూల్ అయితే లోపలి గొట్టానికి దూది బిరడా ఉంటుంది, దాన్ని ఫోర్సెప్స్‌తో మెల్లగా లాగు. లేకపోతే పొడి ఎగిరి క్యాబినెట్ అంతా పడుతుంది. అర మిల్లీలీటర్ లోపే బ్రాత్ (పోషక ద్రవం) పోసి కాసేపు నాననివ్వు. అందులో సగం వెంటనే గ్లిసరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టేయి. పెంచకముందే పెట్టాలి. పెంచిన తర్వాత పెట్టేది నీ ట్యూబులో గెలిచినవాళ్ల జాబితా అవుతుంది. ఒకే స్ట్రెయిన్‌కి రెండు యాంపూల్స్ ఉంటే రెండోదాన్ని అసలు ముట్టుకోకు.

స్ట్రీక్ చేశాక (గీతలుగా రాసి పెంచాక) ప్లేటు మీద అందంగా గుండ్రంగా ఉన్న ఒక్క కాలనీని తీసుకుని పని అయిందనుకునే అలవాటు మనందరికీ నేర్పించిందే. శుద్ధ కల్చర్ కోసం ఆ అలవాటు మంచిదే. ఈ పనికి మాత్రం సరిపోదు. పాత స్టాబ్‌లో (జెల్లీలోకి సూదితో గుచ్చి దాచిన కల్చర్లో) నాలుగైదు రకాల వారసులు పక్కపక్కనే ఉండొచ్చు. ఆ ఒక్క కాలనీ ఎవరి సంతానమో నీకు తెలియదు. వేర్వేరు కాలనీలు కనీసం ఎనిమిది పది తియ్యి. చిన్నగా పెరిగినవీ, అంచు వేరుగా ఉన్నవీ తప్పకుండా ఉండాలి. వాటితోపాటు ప్లేటంతా తుడిచి తీసిన కలగాపులగం డీఎన్‌ఏ కూడా ఒకటి పంపు. డబ్బు చాలదంటే స్ట్రెయిన్ల సంఖ్య తగ్గించమని గైడ్ గారిని అడుగు, కాలనీల సంఖ్య తగ్గించొద్దు.

డీఎన్‌ఏని రాత్రంతా పెరిగి ఆగిపోయిన కల్చర్ నుంచి తియ్యి. చురుగ్గా పెరుగుతున్న కణాల్లో డీఎన్‌ఏ కాపీ మొదలయ్యే చోట ఎక్కువ ప్రతులుంటాయి, రీడ్స్ (మిషన్ చదివిన ముక్కలు) లెక్క ఒకవైపు ఎత్తుగా వస్తుంది. ఆ లెక్క సమంగా ఉండటం ఎందుకు ముఖ్యమో డీహెచ్10బీ చెబుతుంది. క్లోనింగ్ చేసే ల్యాబుల్లో విరివిగా వాడే ఈ.కోలై స్ట్రెయిన్ ఇది. 2008లో దాని జీనోమ్ చదివితే 1,13,000 అక్షరాల ముక్క ఒకటి పక్కపక్కనే రెండుసార్లు ఉందని తేలింది. పైగా క్యాటలాగుల్లో డీఓ-ఆర్ మ్యుటెంట్ (డీఓ-ఆర్ జీన్ పాడైన రకం) అని ఏళ్లుగా రాసుకొచ్చిన జీన్ నిక్షేపంగా ఉంది. అక్షరాల తేడాలు మాత్రమే చూసే పట్టికలో రెట్టింపు ముక్క కనబడదు. కవరేజ్ గ్రాఫ్ (ఒక్కో చోటు ఎన్నిసార్లు చదివారో చూపేది) తెరిచి నీ కళ్లతో చూస్తేనే ఒకచోట గీత రెండింతలు లేచి కనిపిస్తుంది. వంద రెట్ల కవరేజ్ అడుగు, అంటే ఈ.కోలైకి 46 కోట్ల అక్షరాలు. గ్రాఫ్ మొత్తం చివరిదాకా చూడు.

ఇల్యూమినా మిషన్ ఇచ్చే రీడ్స్ సాధారణంగా 150 అక్షరాలు. ఈ.కోలైలో రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ జీన్ల గుంపులు ఏడున్నాయి, ఒక్కోటీ 5 వేల అక్షరాలు దాటుతుంది, అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. అలాంటి రెండు గుంపుల మధ్య ముక్క తలకిందులైతే చిన్న రీడ్స్‌కి అంతు చిక్కదు. ఈ.కోలై డబ్ల్యూ3110 స్ట్రెయిన్‌లో సరిగ్గా అలాంటి తలకిందులే ఉంది. ఎంచుకున్న కొన్నిటికైనా నానోపోర్ లాంటి పొడవాటి రీడ్స్ చేయించు. శాంపిల్స్ హైదరాబాద్ పంపినా బెంగళూరు పంపినా డీఎన్‌ఏగానే పంపు. ఈ ఎండల్లో కల్చర్ కొరియర్లో వెళ్లిందంటే దారిలోనే పెరిగి వేరే కల్చర్ అవుతుంది.

ఇప్పుడు నువ్వు రెండుసార్లు చదవాల్సిన భాగం. సాఫ్ట్‌వేర్ నీ రీడ్స్‌ని రెఫరెన్స్‌తో (ప్రమాణంగా పెట్టుకున్న జీనోమ్‌తో) పోల్చి తేడాల జాబితా ఇస్తుంది. బ్యాక్టీరియా కోసమే తయారైన బ్రీజ్‌సీక్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పని బాగా చేస్తుంది, జీనోమ్‌లో చోటు మారుతూ ఎగిరిదూకే ఐఎస్ అనే డీఎన్‌ఏ ముక్కలనీ పట్టుకుంటుంది. కానీ రెఫరెన్స్ కూడా ఒక ల్యాబు స్ట్రెయినే కదా! ఈ.కోలై కె-12 స్ట్రెయిన్‌ని 1922లో డిఫ్తీరియా నుంచి కోలుకుంటున్న రోగి మలం నుంచి స్టాన్‌ఫర్డ్‌లో వేరుచేశారు. దాని వారసుడైన ఎంజీ1655 జీనోమ్ 1997లో అచ్చయింది. ఆ మధ్య 75 ఏళ్లు. ఐఎల్‌వీ-జీ అనే జీన్ ఫ్రేమ్ తప్పింది (మూడేసి అక్షరాలుగా చదివే వరస చెడింది), అందుకే మినిమల్ మీడియంలో (కనీస పోషకాలే ఉన్నదానిలో) వేలిన్ అనే అమైనో ఆమ్లం వేస్తే కె-12 పెరగడం ఆపేస్తుంది. ఆర్‌పీహెచ్ జీన్ కూడా ఫ్రేమ్ తప్పి పక్కనున్న పైర్-ఈ జీన్‌ని కుంటుపరిచింది, అందుకే కొంచెం యురాసిల్ కలిపితే పెరుగుదల పుంజుకుంటుంది. కణం పైపూతలో ఉండే ఓ-యాంటిజెన్ కూడా పోయింది. నీ దగ్గరున్న పాత కె-12లోనూ ఇవే లోపాలుంటే సాఫ్ట్‌వేర్ "తేడా లేదు" అని ఖాళీ గడి చూపిస్తుంది. మ్యుటేషన్ ఉంది, కానీ రెండు పక్కలా ఉంది కాబట్టి కనబడదు. పాత స్ట్రెయిన్లలో దాగి ఉండేవంటే నా దృష్టిలో ముందు ఇవే.

అందుకని రెఫరెన్స్ ఒక్కదానితో ఆగొద్దు. ల్యాబుకి అలవాటు పడని బంధువుతోనూ పోల్చు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాలో 168 స్ట్రెయిన్ ఉంటే 3610 స్ట్రెయిన్‌తో పోల్చు. 1940లలో యేల్‌లో రేడియేషన్ తగిలించిన స్ట్రెయిన్ల నుంచి వచ్చింది 168. ఎస్‌ఎఫ్‌పీ, ఎస్‌డబ్ల్యూఆర్-ఏ లాంటి జీన్లు పాడై సర్ఫాక్టిన్ అనే సబ్బులాంటి పదార్థం తయారీ ఆగింది, ప్లేటంతా గుంపుగా పాకే గుణం పోయింది. రెండింటినీ పక్కపక్క ప్లేట్ల మీద వేసి చూడు. 3610 ముడతలు ముడతలుగా పరుచుకుంటుంది, 168 చదునుగా కూర్చుంటుంది. ప్రతి జీన్ పొడవునీ బంధువుల జీన్ పొడవుతో సరిచూస్తే మధ్యలో తెగిపోయినవి బయటపడతాయి. విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను. మీ థీసిస్‌లో విలువైన అధ్యాయం మాత్రం ఇదే అవుతుంది.

దొరికిన ప్రతి ముఖ్యమైన తేడానీ పీసీఆర్ చేసి (ఆ ముక్కకి ఎక్కువ ప్రతులు తీసి) శాంగర్ పద్ధతితో మళ్లీ చదివించు. ఆ తర్వాత బ్యాక్టీరియానే అడుగు. ఆర్‌పీఓ-ఎస్ పోయిందని జాబితా చెబితే రాత్రంతా పెరిగిన కల్చర్ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి, మంచి స్ట్రెయిన్‌తో పోల్చి బుడగలు చూడు. తక్కువ పొంగితే జాబితాకి ఒక సాక్షి దొరికినట్టే.

స్టాక్ రిజిస్టర్ వెతుకు. ఎవరు, ఎక్కడి నుంచి, ఏ సంవత్సరం తెచ్చారు, ఎన్నిసార్లు మార్చారు అన్నది తెలియకపోతే మ్యుటేషన్ దొరికినా అది ఎప్పుడు వచ్చిందో చెప్పలేవు. ఆ స్ట్రెయిన్‌తో ఏయే పేపర్లు వచ్చాయో కూడా రాసుకో, పాత ఫలితాలకు కొత్త అర్థం అక్కడే వస్తుంది. రిజిస్టర్ దొరక్కపోతే రిటైరైన ల్యాబ్ అటెండర్ గారి ఇంటికి వెళ్లు. ఏ ర్యాకులో ఏముందో ప్రొఫెసర్ల కంటే ఆయనకే బాగా గుర్తుంటుంది. నీ పనిలోనూ ప్రతి మార్పిడికీ ముందు ఒక ట్యూబు గడ్డకట్టించు. లెన్‌స్కీ అనే శాస్త్రవేత్త 1988లో మొదలుపెట్టిన, ఈ.కోలైని వేల తరాలు పెంచే ప్రయోగంలో ప్రతి 500 తరాలకూ అలా దాస్తూ వచ్చారు, అందుకే ఏ మ్యుటేషన్ ఎప్పుడొచ్చిందో వెనక్కి వెళ్లి చూడగలుగుతున్నారు. మే నెలలో మన దగ్గర కరెంటు పోతే డీప్ ఫ్రీజర్ సంగతేమిటో ఇప్పుడే కనుక్కో. జనరేటర్ లైన్ ఉందో లేదో చూడు, స్టాక్ సగం వేరే బిల్డింగ్‌లో పెట్టు.

ఇంత శ్రమ దేనికని ఎవరైనా అడిగితే ఎన్‌సీటీసీ 1 (బ్రిటన్ కల్చర్ల భాండాగారంలో మొదటి నమూనా) గురించి చెప్పు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో రక్త విరేచనాలతో చనిపోయిన సైనికుడి నుంచి తీసిన షిగెల్లా అది. 2014లో దాని జీనోమ్ ప్రచురించారు. పెన్సిలిన్ కనిపెట్టకముందే ఆ బ్యాక్టీరియా పెన్సిలిన్‌ని తట్టుకునే శక్తితో ఉంది. ఎవరో ఒకరు దాన్ని వందేళ్లు జాగ్రత్తగా దాచబట్టే ఆ సంగతి మనకు తెలిసింది. మీ బీరువాలో ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు. అది నీ చేతికొచ్చినందుకు నాకు ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను.

పని అయ్యాక స్ట్రెయిన్లని చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల భాండాగారానికి పంపండి, సీక్వెన్సులు పబ్లిక్ డేటాబేస్‌లో పెట్టండి. లేబుల్ ఫొటోలు తీయగానే నాకు పంపు. పాత చేతిరాతలు చదవడంలో సాయం చేస్తాను. ఆదివారం వీలైతే రా, అత్తయ్య నిన్ను అడుగుతోంది.

ఇట్లు,
నీ మావయ్య