ఒకరి కోసం రాసే పనిలో నాకు తోడైన జపాన్ గేములు, అనిమే

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: ఫ్రీలాన్స్ రచనను వృత్తిగా చేసుకోబోతున్న మీకు జపాన్ వీడియో గేములన్నా అనిమే (జపాన్ యానిమేషన్ చిత్రాలు) అన్నా ప్రాణం. ఆ ఇష్టానికి వెచ్చించే గంటలు రాతపనికి ఏమైనా ఉపయోగపడతాయా, లేక ఇప్పటినుంచే వాటిని తగ్గించుకోవడం మంచిదా అని అడిగారు. నేను 14 ఏళ్లుగా ఇతరుల కోసం రాసి బతుకుతున్నాను. సంస్థల వెబ్‌సైట్లకు వ్యాసాలు, పరికరాలకు వాడుక సూచనలు, వేరొకరి పేరుతో వెలువడే ప్రసంగాలు రాశాను. అంతకంటే ఎక్కువ కాలంగా జపాన్ ఆటలు ఆడుతున్నాను, అనిమే చూస్తున్నాను. అవి నా వృత్తికి పనికొస్తాయన్న ఆలోచనతో నేను ఎన్నడూ ఏ ఆటనూ మొదలుపెట్టలేదు. ఇష్టం కొద్దీ ఆడాను, ఇష్టం కొద్దీ చూశాను. అయినా, ఒకరు అడిగిన పనిని చేస్తూనే అందులో మన మనసు పెట్టడం ఎలాగో నాకు ఎవరు నేర్పారని ఆలోచిస్తే ముందుగా గుర్తుకొచ్చేవి ఆ ఆటలూ ఆ చిత్రాలే.

వాటిలో మొదటిది 1989 జూలై 29న జపాన్‌లో విడుదలైన ‘కికీస్ డెలివరీ సర్వీస్’. ఎయికో కదోనో రాసిన పిల్లల నవల ఆధారంగా హయావో మియాజాకి స్టూడియో జిబ్లీలో తీసిన ఈ చిత్రాన్ని చాలామంది పిల్లల సినిమాగానే చూస్తారు. నా దృష్టిలో అది సొంతంగా పని మొదలుపెట్టిన మనిషి గురించి వచ్చిన కథలన్నిటిలోకీ నిజాయితీ గలది. 13 ఏళ్లు నిండిన మంత్రగత్తె ఇల్లు విడిచి, తెలియని ఊళ్లో ఒక ఏడాది తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది వారి ఆచారం. కికి అనే ఆ అమ్మాయికి చీపురు మీద ఎగరడం తప్ప మరో విద్య రాదు. ఆ ఒక్క విద్యనే నమ్ముకుని, ఒక బేకరీ వాళ్లు ఇచ్చిన అటకగదిలో ఉంటూ, వస్తువులు చేరవేసే పని పెట్టుకుంటుంది. మొట్టమొదటి పనిలోనే అప్పగించిన నల్లపిల్లి బొమ్మను దారిలో జారవిడుచుకుంటుంది. దాన్ని వెతికి తెచ్చేదాకా తన సొంత పిల్లిని బొమ్మ స్థానంలో కూర్చోబెడుతుంది. బొమ్మ దొరికిన చిత్రకారిణి ఇంటిని తుడిచి, శుభ్రం చేసి దాన్ని తిరిగి తెచ్చుకుంటుంది. తొలి క్లయింటుకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి మనం ఎంత పెనుగులాడతామో, ఎదుటివారికి దానిలో ఒక్క శాతమైనా కనిపించకుండా ఎలా దాచుకుంటామో ఆ కొద్ది నిమిషాలలో ఉంది.

అందులోనే మరో సన్నివేశం ఉంది. ఒక వృద్ధురాలు మనవరాలి పుట్టినరోజుకు చేపలతో ‘పై’ అనే, ఓవెన్‌లో కాల్చే వంటకం చేసి పంపాలనుకుంటుంది, తీరా చూస్తే ఆమె విద్యుత్ ఓవెన్ పనిచేయదు. కికి పాతకాలపు కట్టెల పొయ్యి రాజేసి, ఆమెకు సాయపడి, జోరువానలో తడుస్తూ ఆ వంటకాన్ని చేరవేస్తుంది. తలుపు తీసిన మనవరాలు, నానమ్మ పంపే ఈ ‘పై’ తనకు నచ్చదని చెప్పి, అందుకుని, తలుపు వేసేసుకుంటుంది. నా వృత్తి మొదలైన రెండో ఏట ఒక సంస్థ కోసం మూడు వారాలు కూర్చుని ఒక పెద్ద వ్యాసం రాశాను. దానికి వచ్చిన జవాబు ఒకే ఒక్క వాక్యం: అందింది, ప్రస్తుతానికి అవసరం లేదు. డబ్బు ఇచ్చారు కాబట్టి వారిని తప్పుపట్టడానికి లేదు. అయినా రెండు రోజులు నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం ఈ సన్నివేశాన్ని మళ్లీ చూసినప్పుడు నా బాధ ఎలాంటిదో నాకు తెలిసింది. మియాజాకి ఆ మనవరాలిని దుర్మార్గురాలిగా చూపించలేదు, ఆమెకు తగిన శాస్తి జరిగినట్టూ చూపించలేదు. ఆ అమ్మాయి ఇష్టం ఆమెది. తడిసిన కికి కష్టమూ, పొయ్యి దగ్గర ఆ పెద్దావిడ పడిన శ్రమా వాటి విలువతో అవి అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత కికి ఎగరలేకపోతుంది. తన పిల్లి మాటలూ ఆమెకు అర్థం కావు. అప్పుడు అడవిలో ఉండే ఆ చిత్రకారిణి తనకూ బొమ్మ గీయలేని రోజులు వస్తాయని చెబుతుంది. అలాంటప్పుడు గీస్తూనే ఉంటానని, అయినా కుదరకపోతే గీయడం మానేసి నడకకు వెళ్తానని, ప్రకృతిని చూస్తానని, పగటినిద్ర పోతానని, ఏమీ చేయకుండా ఉంటానని అంటుంది. అంతకంటే ముఖ్యమైన మరో మాట కూడా చెబుతుంది: తన బొమ్మలు ఎక్కడో చూసిన బొమ్మలకు నకళ్లని తెలిసినప్పుడే తన చేయి ఆగిపోయిందట. నాలుగేళ్ల క్రితం రెండు నెలల పాటు నేను ఒక్క మంచి పేరా రాయలేకపోయాను. అలసట అనుకున్నాను. నిజానికి ఆ ఏడాదంతా నేను రాసిన ప్రతి వ్యాసమూ అంతకుముందు రాసినదానికి నకలుగా ఉంది. ఈ సన్నివేశం గుర్తుకు రాకపోతే ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఇంకా చాలాకాలం పట్టేది.

ఈ చిత్రం విడుదలకు సరిగ్గా రెండు రోజుల ముందు, 1989 జూలై 27న, జపాన్ గేమ్ సంస్థ నింటెండో వారి ఫామికామ్ కన్సోల్ (టీవీకి కలిపి ఆడుకునే యంత్రం) మీద ‘మదర్’ అనే ఆట వచ్చింది. దాన్ని రూపొందించి రాసినది షిగెసాతో ఇతోయి. ఆయన వృత్తిరీత్యా ప్రకటనల కాపీరైటర్. కికి చిత్రానికి ప్రచార వాక్యం రాసినది కూడా ఆయనే. అప్పుడప్పుడూ దిగులుపడ్డా బాగానే ఉన్నానని ఇంటికి ఉత్తరం రాసినట్టుండే ఆ చిన్న వాక్యంలో సినిమా మొత్తం ఇమిడిపోయింది. అడిగిన కొలతకు సరిపడా రాయడాన్ని తక్కువ పనిగా చూసే అలవాటు మనవాళ్లలో ఉంది. ఇతోయి పని తెలిసిన తర్వాత నాలో ఆ చిన్నచూపు పూర్తిగా పోయింది.

ఆయన ఆటలలో నాకు ఎంతో ఇష్టమైనది 1994లో వచ్చిన ‘మదర్ 2’, జపాన్ బయట ‘ఎర్త్‌బౌండ్’ పేరుతో తెలిసిన ఆట. అందులో నెస్ అనే బాలుడికి విషం, జలుబు లాంటి బాధలతో పాటు ఇంటి బెంగ కూడా ఒక జబ్బులా వస్తుంది. అది వచ్చినప్పుడు పోరాటం మధ్యలో అతను అమ్మను తలుచుకుంటూ ఏమీ చేయకుండా నిలబడిపోతాడు. అది తగ్గాలంటే ఫోను దగ్గరికి వెళ్లి అమ్మతో మాట్లాడాలి. ఏ మందూ పనిచేయదు. పాత్ర మనసులో ఏముందో చెప్పడానికి నవలాకారులు పేజీలు తీసుకునే చోట, ఇతోయి దాన్ని ఆట నియమంగా మార్చి, ఆడేవారి చేతనే ఆ ఫోను చేయించారు. ఒంటరిగా గదిలో కూర్చుని రాసుకునే మనలాంటి వారికి ఆ బెంగ ఎలాంటిదో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఫ్రీలాన్స్ రచయితగా మీరు తప్పక తెలుసుకోవలసిన మరొకరు యూజీ హోరీ. వాసెదా విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివి, పత్రికలకు ఫ్రీలాన్స్ రచయితగా పనిచేసి, ఆ తర్వాత ఆటల వైపు వచ్చి 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’ రాశారు. ఆ ఆట మొత్తం కన్సోల్‌లో పెట్టే 64 కిలోబైట్ల క్యాట్రిడ్జి అనే చిన్న పెట్టెలో ఇమడాలి. బొమ్మలు, సంగీతం, పోరాటాలు, ఊళ్లు, మనుషుల మాటలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. చోటు చాలక జపనీస్ లిపులలో ఒకటైన కతకానాలో 20 అక్షరాలను మాత్రమే ఉంచుకున్నారు. రాక్షసుల పేర్లూ మంత్రాల పేర్లూ ఆ 20 అక్షరాలతోనే కుదరాలి. హోరీ రాసిన పల్లెటూరి మనుషులు ఒకటి రెండు వాక్యాలే మాట్లాడతారు, అయినా ఎవరు భయపడుతున్నారో, ఎవరు గొప్పలు పోతున్నారో, ఎవరికి నిజం తెలుసో మనకు తెలిసిపోతుంది. ఫోన్ తెర మీద కనిపించే సూచనలు రాసే పని నాకు మొదటిసారి వచ్చినప్పుడు, ఒక్కో సూచన రెండు వరుసలు దాటకూడదన్నారు. అంత తక్కువలో ఏం రాయగలమని నాతోపాటు ఆ పని చేసినవారు విసుక్కున్నారు. నాకు మాత్రం చిన్నప్పటినుంచి చదువుతున్న ఆ నల్లటి సంభాషణ పెట్టె గుర్తుకొచ్చి, ఆ పని ఎంతో సొంతంగా అనిపించింది. ఇప్పటికీ నా రాబడిలో మంచి భాగం అలాంటి పని నుంచే వస్తోంది.

అనిమేలలో నా పనిని సూటిగా తాకినది 2018లో క్యోటో యానిమేషన్ స్టూడియో తీసిన 13 భాగాల ‘వయొలెట్ ఎవర్‌గార్డెన్’. యుద్ధం ముగిశాక వయొలెట్ అనే మాజీ సైనికురాలు, తమ మనసులోని మాటను కాగితం మీద పెట్టలేనివారి తరఫున టైపురైటర్ మీద ఉత్తరాలు రాసే ఉద్యోగంలో చేరుతుంది. మొదట్లో ఆమె ఉత్తరాలు సైనిక నివేదికల్లా ఉంటాయి. చెప్పిన విషయమంతా పొల్లుపోకుండా ఉంటుంది కానీ, చెప్పిన మనిషి అందులో ఉండరు. మూడో భాగంలో, ఆ పనికి శిక్షణ పొందుతున్నప్పటి సహాధ్యాయిని లూకూలియా కుంగిపోయిన తన అన్నకు చెప్పలేకపోతున్న మాటను వయొలెట్ చాలా చిన్న ఉత్తరంగా రాసి అతని చేతికి ఇస్తుంది. బతికి ఉన్నందుకు సంతోషం, కృతజ్ఞతలు అని చెప్పడమే అందులోని విషయమంతా. వేరొకరి పేరుతో ప్రసంగాలు రాసేటప్పుడు నేను చాలాకాలం నా తెలివిని చూపించుకునే వాక్యాలు పెట్టేవాడిని. ఈ భాగం చూశాక పద్ధతి మార్చుకున్నాను. ఎవరి కోసం రాస్తున్నానో వారితో ముందు గంటసేపు మాట్లాడి, వారు తడబడి ఆగిన చోట్లను గుర్తుపెట్టుకుంటాను. వారు చెప్పదలుచుకున్నది ఎక్కువసార్లు ఆ చోట్లనే ఉంటుంది.

తిరగరాయడం గురించి ఒక సంగతి. ‘మదర్ 2’ తయారీ కొన్నేళ్లు సాగి, ముందుకు కదలని స్థితికి వచ్చినప్పుడు సతోరు ఇవాతా సాయానికి వచ్చారు. తర్వాతి కాలంలో నింటెండో అధ్యక్షుడైన ఇవాతా స్వయంగా ప్రోగ్రామర్. ఉన్నదాన్ని అతుకులు వేసి సరిచేస్తే రెండేళ్లు పడుతుందని, మొదటినుంచి మళ్లీ రాస్తే ఆరు నెలల్లో అవుతుందని ఆయన బృందానికి చెప్పి, ఎంచుకోవడాన్ని వారికే వదిలేశారు. వారు మళ్లీ మొదటినుంచి చేయడానికే ఒప్పుకున్నారు. చెడిపోయిన చిత్తుప్రతిని వారాల తరబడి సవరిస్తూ కూర్చున్న ప్రతిసారీ నేను ఈ ఇవాతా లెక్కను వేసుకుంటాను. చాలాసార్లు ఆ లెక్క మళ్లీ రాయమనే చెబుతుంది.

గేముల్లో సాహిత్యానికి చోటు ఉంటుందా అని మీకు సందేహం ఉంటే ‘లాస్ట్ ఒడిస్సీ’ చూడండి. ‘ఫైనల్ ఫాంటసీ’ ఆటల సృష్టికర్త హిరోనోబు సకాగుచి 2007లో తెచ్చిన ఈ ఆటలో కథానాయకుడు కైమ్ వెయ్యేళ్లుగా బతుకుతున్నాడు. అతని జ్ఞాపకాలు కలలుగా తిరిగి వస్తాయి. వాటిని నవలాకారుడు కియోషి షిగెమత్సు చిన్న కథలుగా రాశారు, జే రూబిన్ ఆంగ్లంలోకి అనువదించారు. ఖర్చుపెట్టి ఎలాంటి దృశ్యాన్నైనా చూపించగల కన్సోల్ మీద, ఆట ఆగిపోయి, మెల్లని సంగీతంతో అక్షరాలు మాత్రమే తెర మీదికి వస్తాయి. మొదటి కథలో కైమ్ ఒక సత్రానికి వచ్చిపోతుంటాడు. పుట్టినప్పటినుంచీ మంచం దిగని ఒక చిన్నపిల్ల అతని ప్రయాణ కథల కోసం ఎదురుచూస్తుంటుంది. తాను చూసిన రక్తాన్నీ దుఃఖాన్నీ దాచిపెట్టి, అందమైనవాటినే ఏరి ఆమెకు చెబుతాడు. ఏది చెప్పాలో కాక ఏది వదిలేయాలో తేల్చుకోవడానికి అతను ఎంత ప్రేమ పెడతాడో చదివాక, ఆ రాత్రి నేను ఇక ఆడలేకపోయాను.

ఇక గంటల సంగతి. దీనిలో మీ భయం నిరాధారమైనది కాదు. ఒక పాత్రగా మారి కథను ఆడే జపాన్ రోల్ ప్లేయింగ్ గేములు చాలావరకు పదుల గంటలు సాగుతాయి. గడువు దగ్గరపడినప్పుడు వాటిలోకి వెళ్లి దాక్కోవడం చాలా తేలిక. నేను అలా ఒకసారి మంచి క్లయింటును పోగొట్టుకున్నాను. ఆ తప్పు పూర్తిగా నాది. అప్పటినుంచి గడువు నడుస్తుండగా పెద్ద ఆటను మొదలుపెట్టను. ఇరవై నాలుగు నిమిషాల అనిమే భాగం ఒక్కటి చూసి లేచిపోతాను. పెద్ద పని అప్పగించిన మరునాడే కొత్త ఆట తెరుస్తాను. మీరు కోరికను తగ్గించుకోనక్కరలేదు, దానికి వేళ కేటాయించుకుంటే చాలు.

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతే, చేతిలో పని లేని ఒక సాయంత్రం ‘కికి’ని జపనీస్ గొంతులతో, ఉపశీర్షికలతో చూడండి. తర్వాత ‘మదర్ 2’ ఆడండి. మొదటి గంట నెమ్మదిగా సాగుతుంది, ఓపిక పట్టండి. ఆ ఆటలో నాన్న ఎన్నడూ కనిపించరు, ఫోనులో గొంతు మాత్రమే వినిపిస్తుంది. అంతవరకు ఆడినదాన్ని భద్రపరచుకోవడానికి మనం ఆయనకే ఫోను చేయాలి. చాలాసేపు ఆపకుండా ఆడితే ఆయనే ఫోను చేసి, అలసిపోయి ఉంటావు, కాసేపు విశ్రాంతి తీసుకోరాదా అని అడుగుతారు. ఆ ఫోను వచ్చినప్పుడు మీరు కూడా ఆట ఆపేసి పడుకోండి.