ఇంటర్ తర్వాత పరిశోధన: మూడింటిలో ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. సైంటిస్ట్ అవుతానంటోంది. ఒకరోజు మనుషులు డబ్బు విషయంలో ఎందుకు తప్పటడుగు వేస్తారో చదువుతానంటుంది. ఇంకోరోజు రోబోలకు చూపు నేర్పుతానంటుంది. మరోరోజు పసుపులో, ఉసిరిలో ఆరోగ్యానికి మేలు చేసే పదార్థాల మీద పనిచేస్తానంటుంది. ఏదీ తేల్చుకోలేదు. మాకు టెన్షన్‌గా ఉంది. దేనికి భవిష్యత్తు ఉంది? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: మూడింటికీ ఎంపీసీ నుంచి దారి ఉందండీ, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. పీహెచ్‌డీ అంటే ఐదారేళ్ల పని. అన్నేళ్లు అమ్మాయి రోజూ ఏ పని చేస్తూ కూర్చోగలదో చూడాలి. సబ్జెక్టు పేరు వింటే ఆ పని ఎలా ఉంటుందో తెలియదు.

పసుపునే తీసుకోండి. అందులోని కర్క్యుమిన్ గురించి ఎంత గొప్పగా చెప్పినా, మనం తిన్నదానిలో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మిరియాల్లోని పైపరిన్‌తో కలిపి ఇస్తే అది సుమారు 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. పేపర్లో అది ఒక్క వాక్యం. ల్యాబ్‌లో మాత్రం గంటల లెక్కన రక్తం తీయాలి, సీరం వేరు చేయాలి, ఒక్కో నమూనాను, అందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పెట్టాలి, అంకె అనుమానంగా ఉంటే మళ్లీ మొదటికి రావాలి. ఇంత చేశాక కూడా రక్తంలోకి చేరిందని మాత్రమే తేలుతుంది, జబ్బు తగ్గిస్తుందని కాదు. ఆ తేడాను ఒప్పుకునే నిజాయితీ ఈ రంగానికి ప్రాణం. ఎంపీసీ వాళ్లు బీఎస్సీ కెమిస్ట్రీ నుంచి గానీ, ఫుడ్ టెక్నాలజీ బీటెక్ నుంచి గానీ ఇటు రావచ్చు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ ఈ పనికి పెద్ద కేంద్రాలు. ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మన భీమవరంలోనే పుట్టారని అమ్మాయికి చెప్పండి.

రోబో చూపు విషయానికొస్తే, కెమెరా పెట్టడం తేలికే. ఎదురుగా ఉన్నది ఆటోనా, ఆవా అని గుర్తుపట్టించడమే కష్టం. విదేశీ రోడ్ల ఫొటోలతో నేర్చుకున్న ప్రోగ్రామ్ మన రోడ్ల మీద తడబడుతుంది. అందుకే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల ఫొటోలు సుమారు 10,000 తీసుకుని, వాటిలోని వస్తువులన్నిటికీ గీతలు గీసి గుర్తులు పెట్టించారు. ఇక్కడ కోడింగ్ కంటే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఎక్కువ కాలం పనికొస్తాయి.

మూడోది బిహేవియరల్ ఎకనామిక్స్, అంటే మనుషులు డబ్బు లాంటి విషయాల్లో నిర్ణయాలు నిజంగా ఎలా తీసుకుంటారో చదవడం. ఎంపీసీ చదివి ఎకనామిక్సా అని బంధువులు అంటారు, పట్టించుకోకండి. గణితం బాగా వచ్చినవాళ్లే అందులో నిలబడతారు. ఉదయ్‌పూర్ జిల్లా పల్లెల్లో జరిగిన ఒక ప్రయోగం చూడండి. ఏమీ చేయని ఊళ్లలో పిల్లల్లో 6 శాతం మందికే టీకాలన్నీ పడ్డాయి. నెలనెలా శిబిరం పెట్టిన ఊళ్లలో 18 శాతం. శిబిరంతో పాటు ప్రతిసారీ కిలో పప్పు ఇచ్చిన చోట 39 శాతం. ఆ అంకెల వెనక ఇంటింటికీ తిరిగినవాళ్లు, నెలల తరబడి లెక్కలు సరిచూసినవాళ్లు ఉన్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఉంది, చూడండి.

డబ్బు సంగతీ చెప్పాలి. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. బీటెక్ చేసిన స్నేహితులు అప్పటికి ఇంతకంటే ఎక్కువే సంపాదిస్తుండవచ్చు. ఇంటి మీద అప్పు ఉంటే ఆ మాట అమ్మాయితో ఇప్పుడే చెప్పండి, తర్వాత కాదు. ఈ మూడింటిలో చదువు మధ్యలో ఆపినా తేలిగ్గా ఉద్యోగం దొరికేది రోబో చూపు వైపే.

పరీక్షలయ్యాక ఒక్కోదానికీ పది రోజులు ఇవ్వండి. కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్‌ను అడిగి, అప్పుడే పిండిన నిమ్మరసంలోనూ, రాత్రంతా మూత లేకుండా ఉంచిన రసంలోనూ విటమిన్ సి ఎంతుందో అయోడిన్‌తో టైట్రేషన్ చేయమనండి, ఒక్కోటి పదిసార్లు. మీ వీధిలో 200 ఫొటోలు తీసి, ప్రతి ఆటో చుట్టూ చేత్తో గడి గీయమనండి. తర్వాత 40 మందిని రెండు జట్లు చేసి, ఒక ఆపరేషన్ గురించి ఒక జట్టుతో ‘నూటికి 90 మంది బతికారు’ అని, ఇంకో జట్టుతో ‘నూటికి 10 మంది చనిపోయారు’ అని చెప్పి, చేయించుకుంటారా అని అడగమనండి; లెక్క ఒకటే, చెప్పే తీరు మారితే జవాబు మారుతుందా అని చూడటానికి. ఏ రోజు ఏ పని దగ్గర విసుగొచ్చిందో, ఎక్కడ అన్నం సంగతి మర్చిపోయిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఆ నోట్‌బుక్‌లో ఏముందో నాకు రాయండి. కాలేజీల లిస్టు అప్పుడు కూర్చుని వేద్దాం.