క్రూయిజ్‌లో ఆరోగ్యం: జెల్‌ని నమ్ముకుని గదిలో పడుకున్నవాడి జవాబు

మీ ప్రశ్నలో మూడు భయాలు కనిపించాయి. డెబ్బై దాటిన మీ అత్తగారు బీపీ, షుగర్ మందులతో వస్తున్నారు. మీకేమో బస్సెక్కితేనే వికారం. పైగా ఓడల్లో వాంతులు, విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయని ఎక్కడో చదివారు. ఏడు రాత్రుల ప్రయాణానికి ఏం సర్దుకోవాలి, అక్కడ ఏం తినకూడదు అని అడిగారు. నేను రెండుసార్లు క్రూయిజ్‌కి వెళ్లాను. మొదటిసారి మూడో రోజు నుంచి గది దాటలేదు కాబట్టి సలహా ఇచ్చే అర్హత బాగానే సంపాదించాననుకుంటున్నాను.

ముందు వాంతుల సంగతి. ఓడల్లో దానికి కారణం ఎక్కువసార్లు నోరోవైరస్సే. బఫే గుమ్మం దగ్గర గోడకి జెల్ మిషన్ ఉండేది. కింద చెయ్యి పెడితే జిర్రుమని ఒక చుక్క. రెండు చేతులూ రుద్దుకుని, ఇక ఢోకా లేదనుకుని పళ్లెం తీసుకునేవాణ్ణి. తర్వాత ఒక్కో గిన్నె దగ్గరా ఆగడం, గరిటె పట్టుకోవడం, వడ్డించుకోవడం, పక్క గిన్నెకి వెళ్లడం. అలా పది గరిటెలు పట్టుకున్నాక కూర్చుని అదే చేత్తో బ్రెడ్ తుంచుకుని తినేవాణ్ణి. నాకంటే ముందు ఆ గరిటెల్ని ఎన్ని వందల చేతులు పట్టుకున్నాయో అన్న ఆలోచనే రాలేదు.

పైగా ఆల్కహాల్ జెల్ ఈ వైరస్ మీద సరిగ్గా పనిచేయదు. ఫ్లూ, కోవిడ్ వైరస్‌లకి పైన కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని చెడగొట్టేస్తుంది. నోరోవైరస్‌కి ఆ పొరే లేదు. సబ్బు కూడా దాన్ని చంపదు గానీ, 20 సెకన్లు రుద్ది కడిగితే నీళ్లతో పాటు కొట్టుకుపోతుంది. వంద లోపు కణాలు కడుపులోకి వెళ్లినా జబ్బు చేయగలవు, అందుకే తడిపి దులుపుకుంటే సరిపోదు. లక్షణాలు బయటపడటానికి 12 నుంచి 48 గంటలు పడుతుంది. రాత్రి వాంతులు మొదలైతే మనం ఆ రాత్రి తిన్నదాన్ని తిట్టుకుంటాం. అసలు దోషి నిన్న పట్టుకున్న గరిటో, లిఫ్టు బటనో అయ్యుంటుంది.

అందుకే రెండోసారి వరస మార్చాను. ముందు వడ్డించుకుని, పళ్లెం బల్ల మీద మా ఆవిడకి అప్పగించి, అప్పుడు వెళ్లి చేతులు కడుక్కునేవాణ్ణి. నేను తిరిగొచ్చాక ఆవిడ వెళ్లేది. రెండు నిమిషాలు ఆలస్యం, కూర కాస్త చల్లారుతుంది, అంతే. ఏం తినకూడదు అని అడిగారు కదా, నా మటుకు నాకు ఈ ఒక్క అలవాటు ఏ పథ్యం కన్నా ఎక్కువ.

ఇప్పుడు కాస్త సిగ్గుపడే విషయం. ఆ మూడో రోజు తెల్లవారుజామున రెండింటికి ఉన్నట్టుండి మొదలైంది. పొద్దునకి కాస్త తెరిపినిచ్చింది. గ్యాస్ అయ్యుంటుందిలే అని సర్దిచెప్పుకుని బ్రేక్‌ఫాస్ట్‌కి వెళ్లిపోయాను. ఆ రోజు ఒడ్డుకి దిగే టూర్ ఉంది, చెప్తే ఆపేస్తారని భయం. ఆ గంటలో ఎంతమందికి అంటించానో తెలీదు. పది గంటలకి మళ్లీ పట్టుకుంటే అప్పుడు ఫోన్ చేశాను. నర్సు ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు, గదిలో ఇంకెవరున్నారు, పొద్దున ఎక్కడెక్కడ తిరిగారు అని అడిగి రాసుకుంది. ఆఖరి ప్రశ్నకి నా గొంతు పెగల్లేదు. వాంతులు పూర్తిగా తగ్గాక మరో 48 గంటలు గదిలోనే ఉండమన్నారు. కాసేపటికి ఇద్దరు గ్లవ్స్ వేసుకుని వచ్చి తలుపు పిడి, ఫోన్, టీవీ రిమోట్, కుళాయిలు అన్నీ క్లోరిన్ వాసన కొట్టే ద్రావణంతో తుడిచి వెళ్లారు.

మీకు అలాంటిది వస్తే దాచకండి. ఆసుపత్రి గదికి నడుచుకుంటూ వెళ్లొద్దు, ముందు ఫోన్ చేయండి. తగ్గిపోయాక కూడా వైరస్ కొన్ని రోజుల పాటు, ఒక్కోసారి రెండు వారాల పైనే, ఒంట్లోంచి బయటికి పోతూనే ఉంటుంది. కాబట్టి చేతులు కడగడం ఇంటికొచ్చాకా ఆపొద్దు.

అలాగని ఓడంటే రోగాల పుట్ట అనుకోకండి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం అక్కడ నమోదయ్యే నోరోవైరస్ విజృంభణల్లో క్రూయిజ్‌ల వాటా సుమారు 1 శాతమే. ఓడలో అయితే లెక్క రాసి చెప్పి తీరాలి కాబట్టి వార్తల్లోకి ఎక్కుతుంది. అమెరికా రేవులకి వచ్చే పెద్ద ఓడల్ని ఆ సంస్థే తనిఖీ చేసి 100కి మార్కులు వేస్తుంది. 86 వస్తేనే పాస్. ఆ మార్కులు నెట్లో పెడతారు, మీ ఓడ అటు వెళ్లేదైతే ఒకసారి చూసుకోండి.

అత్తగారి మందులు. ఇవి మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. రేవులో అప్పగించిన పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. మధ్యాహ్నం మాత్ర దాంట్లో ఉంటే ఇక అంతే. మూడు నాలుగు రోజులకి అదనంగా పెట్టుకోండి, ప్రిస్క్రిప్షన్ కాపీ కూడా. ఇన్సులిన్ వాడుతుంటే ముందే అడగండి, గదిలో ఉండే చిన్న ఫ్రిజ్ చాలాసార్లు పేరుకే ఫ్రిజ్. ఇంకో ముఖ్యమైన పని: వెళ్లేముందు వాళ్ల డాక్టర్ని కలిసి, "వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వీటిలో ఏవి ఆపాలి, ఏవి ఆపకూడదు" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కొన్ని బీపీ, షుగర్ మాత్రలు కిడ్నీలకి ఇబ్బంది తెస్తాయి. సొంతంగా ఆపేయడమూ అంతే ప్రమాదం. ఓఆర్‌ఎస్ పాకెట్లు అరడజను పడేసుకోండి. షుగర్ ఉన్నవాళ్లకి ఎలా ఇవ్వాలో ఆ డాక్టర్నే అడిగేయండి.

ఇక మీ వికారం. లోపలి చెవి "ఊగుతున్నాం" అంటుంది, గదిలో గోడల్ని చూసే కళ్లు "కదలడం లేదే" అంటాయి. ఆ గొడవే కడుపులో తిప్పడం. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో గది తీసుకుంటే ఊపు తక్కువ తెలుస్తుంది. ముందు కొసన, పై అంతస్తుల్లో ఎక్కువ. తిప్పడం మొదలైతే ఫోన్ పక్కన పడేసి డెక్ మీదకి వెళ్లి దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీతని చూస్తూ నిలబడండి. ఖాళీ కడుపుతో ఉండకండి. మెక్లిజైన్ లాంటి మాత్రలు వికారం రాకముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి, కానీ మత్తుగా ఉంటుంది. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ ప్యాచ్ మూడు రోజులు పనిచేస్తుంది, ఎక్కడానికి కనీసం నాలుగు గంటల ముందు పెట్టుకోవాలి. అది అంటించాక చేతులు కడక్కుండా కళ్లు నలపకండి, చూపు మసకేస్తుంది. మీకు పనిచేసింది కదా అని అత్తగారికి పెట్టేయొద్దు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకి అది పనికిరాదు, పెద్దవాళ్లలో అయోమయం కూడా తెస్తుంది.

జలుబు, దగ్గు కూడా ఓడలో బాగానే తిరుగుతాయి. ఫ్లూ టీకా ఎక్కడానికి రెండు వారాల ముందే వేయించుకోండి. రద్దీ లిఫ్టులు మానేసి నేను మెట్లెక్కేవాణ్ణి, తిన్నది అరగడానికీ పనికొచ్చేది. అత్తగారు మాత్రం మెట్ల మీద కమ్మీ పట్టుకునే నడవాలి. క్రిములని భయపడి చెయ్యి తీసేస్తే, ఓడ ఊగినప్పుడు తుంటి ఎముక విరుగుతుంది. చేతులు తర్వాత కడుక్కోవచ్చు.

ఎండకి నీళ్ల మీద పడి తిరిగొచ్చే వెలుతురు కూడా తోడవుతుంది, సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాసుకోవాలి. ఒడ్డుకి దిగినచోట కుళాయి నీళ్లు, ఐసు నమ్మదగ్గవో కాదో కనుక్కోండి.

ఇన్సూరెన్స్ దగ్గర కక్కుర్తి పడొద్దు. ఓడలో డాక్టర్ ఉంటాడు గానీ పెద్ద ఆసుపత్రి ఉండదు, గుండె నొప్పి లాంటిది వస్తే ఒడ్డుకి తరలించాలి. మామూలు హెల్త్ పాలసీలు చాలావరకు దానికి డబ్బివ్వవు. అత్యవసర తరలింపు ఉన్న ప్రయాణ పాలసీ తీసుకుని, అత్తగారికి ఉన్న జబ్బులన్నీ అందులో రాయించండి.

దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు అనిపిస్తే కంగారు పడకండి, చాలామందికి అవుతుంది, దానంతటదే పోతుంది. వారాల తరబడి తగ్గకపోతేనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మా ఆవిడ ఇంటికొచ్చిన మర్నాడు పొయ్యి ముందు గట్టు పట్టుకుని నిలబడి, "ఇంకా దిగలేదా మనం?" అంది.