నాన్‌జింగ్ జట్టు చరిత్ర రాస్తానన్న చిట్టితల్లికి

చిరంజీవి చిట్టితల్లికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు వచ్చే నెల మళ్లీ చైనాకు, నాన్‌జింగ్‌కు వెళ్తున్నావనీ, మూతపడిన జియాంగ్సు ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్రను తెలుగులో పుస్తకంగా రాయదలచావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. వైద్యం చదవడానికి వెళ్లిన పిల్ల ఆ దేశపు భాష చదవడం నేర్చుకుని, మనవాళ్లెవరూ పట్టించుకోని ఒక జట్టు గురించి రాస్తానంటే గర్వంగానే ఉంది. అయితే ఇలాంటి పనిలో ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాణ్ణి గనుక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాత పత్రికలు తిరగెయ్యి, ప్రతి స్కోరునూ రెండు చోట్ల సరిచూసుకో, ఒక్కో చైనీస్ పేరును మొదటి పుటలో ఎలా రాస్తే చివరిదాకా అలాగే రాయి. ఇవి నీకు చెప్పనక్కరలేదు.

చెప్పవలసింది ఎక్కడ మొదలుపెట్టాలన్నది. ఆన్‌లైన్ పాఠాలకు మా ఇంట్లో నెట్ బాగుంటుందని కరోనా ఏడాది నువ్వు ఇక్కడే ఉన్నావు గదా. 2020 నవంబరు 12న సూజౌలో జరిగిన ఫైనల్ రెండో మ్యాచ్‌లో ఎడెర్, టెషీరా గోల్స్‌తో గ్వాంగ్‌జౌను 2-1తో ఓడించి జియాంగ్సు మొట్టమొదటిసారి చైనా సూపర్ లీగు గెలిచినప్పుడు నువ్వు వేసిన కేకకు మీ అమ్మమ్మ చేతిలోని పప్పుగుత్తి జారిపడింది. సరిగ్గా 108 రోజుల తరువాత, 2021 ఫిబ్రవరి 28న, క్లబ్బు కార్యకలాపాలు ఆపేస్తున్నామన్న ప్రకటన వచ్చింది. ఛాంపియన్ జట్టు మరుసటి సీజన్ మొదలుకాకముందే లేకుండా పోయింది. నువ్వు అక్కణ్ణుంచే ఎత్తుకుని, 2015 డిసెంబరులో సునింగ్ సంస్థ క్లబ్బును కొన్న రోజుకు వెనక్కి వెళ్లి, టెషీరాకు 5 కోట్ల యూరోలు పోసిన సంగతి, చెల్సీ నుంచి రామిరెస్‌ను తెచ్చిన సంగతి, కపెల్లో శిక్షకుడిగా వచ్చిన సంగతి వరసగా చెబుతావని నాకు తెలుసు. చదివించే కథే, కాదనను. కానీ అది యజమాని కథ.

నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే, తల్లీ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

1979లో నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా ఉంటూ, ఒక పత్రికకు ఆటల వార్తలు రాసేవాణ్ణి. మన ఊళ్లో ఒక మిల్లుకు ఫుట్‌బాల్ జట్టు ఉండేది. జట్టుకు రజతోత్సవమనీ, చరిత్ర పుస్తకం వేద్దామనీ మిల్లువారు నన్ను పిలిచి, కాఫీ ఇచ్చి, ఒక ఫైలు చేతిలో పెట్టారు. కప్పుల జాబితా, ఫోటోలు, యజమాని ఉపన్యాసాలు అన్నీ అందులో సిద్ధంగా ఉన్నాయి. నేను మైదానానికి వెళ్లలేదు, ఎవరినీ అడగలేదు, నెల తిరక్కుండా నలభై పేజీలు రాసిచ్చాను. "1954లో మిల్లు యాజమాన్యం చేతుల మీదుగా ఈ జట్టు పుట్టింది" అన్నది మొదటి వాక్యం. దాన్ని మైకులో చదివితే జనం చప్పట్లు కొట్టారు.

మైదానంలో సున్నపు గీతలు గీసే ఆయన ఒకరుండేవారు, అరవైకి దగ్గరపడిన మనిషి. పుస్తకాన్ని మనవడి చేత చదివించుకుని విన్నారట. మర్నాడు పొద్దున్నే బడి వరండాలోకి వచ్చి, పాత పత్రికలో చుట్టిన ఫోటో ఒకటి విప్పి నా బల్ల మీద పెట్టారు. ఆయన గోళ్ల సందుల్లో సున్నం ఎండిపోయి ఉండటం నాకింకా కళ్లకు కడుతుంది. ఫోటోలో పదకొండు మంది కుర్రవాళ్లు, కాళ్లకు బూట్లు లేవు, ఒంటి మీద ఒకే రకం చొక్కాలు లేవు. వెనక పెన్సిలుతో పేర్లు, 1945 అని ఏడాది. ఆ జట్టే, ఆ మైదానమే, మిల్లు రావడానికి తొమ్మిదేళ్ల ముందు. ఎడమనుంచి రెండోవాడి మీద ఆయన వేలు పెట్టారు. అది ఆయనే. కోప్పడలేదు. "మాస్టారూ, అప్పుడు మాకు చొక్కాలు లేవు, అంతే గదండీ?" అన్నారు.

రెండో ముద్రణలో సరిదిద్దుతానన్నాను. రెండో ముద్రణ రాలేదు. కొన్నేళ్లకు మిల్లు మూతపడింది, జట్టూ పోయింది, నా పుస్తకం మాత్రం మిగిలింది. తరువాత ఎవరో రాసిన వ్యాసంలో నా మొదటి వాక్యం అక్షరం పొల్లుపోకుండా కనిపించింది. మన గ్రంథాలయంలో ఉన్న ప్రతిలో ఆ వాక్యాన్ని కలంతో నేనే కొట్టేసి పక్కన 1945 అని రాశాను; పుస్తకం పాడుచేశానని జరిమానా కూడా కట్టాను.

నీ జట్టు 1958లో జియాంగ్సు రాష్ట్ర జట్టుగా మొదలైంది. 1994లో వృత్తిపరమైన లీగు వచ్చినప్పుడు అందులో ఆడి, ఆ ఏడే కింది అంచెకు దిగిపోయి, మళ్లీ 2009లో గాని పై లీగు మొహం చూడలేదు. ఆ మధ్య ఏళ్లలో ఖాళీ గ్యాలరీల ముందు ఆడినవాళ్లెవరో నీ పుస్తకం చెప్పాలి. పోషించిన సంస్థ మారినప్పుడల్లా జట్టు పేరూ మారిపోయేది: మైతె, జియాజియా, 2000 నుంచి బట్టల వ్యాపారం చేసే షుంతియాన్, ఆ తరువాత ఎయిర్ కండిషనర్ల దుకాణంగా మొదలైన సునింగ్. 2012లో లీగులో రెండో స్థానం, 2015లో చైనా ఎఫ్‌ఏ కప్పు సునింగ్ రాకముందువే. పేర్లలో కంపెనీలు ఉండకూడదని చైనా ఫుట్‌బాల్ సంఘం పట్టుబట్టాక 2021 ఆరంభంలో అది వట్టి జియాంగ్సు ఫుట్‌బాల్ క్లబ్బు అయింది. ఎవరి పేరూ మొయ్యకుండా బతికింది కొద్ది వారాలే.

అందుకని ముందు ఒలింపిక్ స్టేడియానికి పరుగెత్తకుండా పాత మైదానం వూతైషాన్‌కు వెళ్లు. గేటు దగ్గర కూర్చునే ముసలివాళ్లతో మాట్లాడు. మహిళల జట్టుకు చివర్లో ఒక పేరా పడేసి ఊరుకున్నావంటే నేను ఊరుకోను. 2019లో లీగు గెలిచిన జట్టు అది, మలావీ నుంచి వచ్చిన తబితా చావింగా గోల్స్ వర్షం కురిపించిన జట్టు.

యజమానిని రాక్షసుడిగానూ రాయకు. చిల్లర వ్యాపారం మీదే దృష్టి పెట్టి సంబంధం లేనివాటిని వదిలించుకుంటామని సునింగ్ అధిపతి జాంగ్ జిన్‌దొంగ్ 2021 ఫిబ్రవరిలోనే బాహాటంగా అన్నాడు. అప్పట్లో అదే సంస్థ చేతిలో ఉన్న ఇంటర్ మిలాన్ జట్టు ఆ మే నెలలో ఇటలీ లీగు గెలిచింది. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, నీ వ్యాఖ్య అక్కర్లేదు. అప్పుల గురించి ఎవరో అన్నారని, విన్నారని రాయకు. పరాయి దేశంలో ఒంటరిగా ఉంటావు. దావా వేస్తే నీ తరఫున నిలబడటానికి ఈ ముసలివాడు అక్కడికి రాలేడు. నా భయం నాది, నవ్వుకో.

అక్కడి చలికి ఉన్ని స్వెట్టరు మరిచిపోకు. అమ్మమ్మ ఉసిరికాయ పచ్చడి రెండు సీసాలు కట్టి ఉంచింది, ఒకటి మీ ఇంటి యజమానురాలికట.

ఆ ఫోటో ఆయన్ని అడిగి తీసుకుని అప్పట్లోనే స్టూడియోలో నకలు తీయించాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వెనక పేర్లన్నీ నా చేత్తో తిరగరాశాను.

ఇట్లు,
మీ తాతయ్య