కంపైల్ అయింది, లింక్ కాలేదు

ప్రశ్న: ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సు ఛార్జీ లెక్కగట్టే ప్రోగ్రాంను సి భాషలో రాసి మెయిన్ డాట్ సి, ఛార్జీ డాట్ సి, ఛార్జీ డాట్ హెచ్ అని మూడు ఫైళ్లుగా విడదీశాను. హెడర్‌ను ఇంక్లూడ్ చేసినా విఎస్ కోడ్‌లో ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని వస్తోంది. ఛార్జీ డాట్ సి ఫైలునే మెయిన్‌లో ఇంక్లూడ్ చేయమని స్నేహితుడు చెప్పాడు. అలా చేస్తే పనిచేసింది. అది సరైన పద్ధతేనా?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: కాదు. ముందుగా ఆ సందేశం చివరి వరుస చూడండి: ‘ఎల్‌డి రిటర్న్‌డ్ 1 ఎగ్జిట్ స్టేటస్’ అని ఉంటుంది. ఎల్‌డి అంటే లింకర్, విడివిడిగా కంపైలైన ముక్కలను కలిపి ఒకే ప్రోగ్రాంగా చేసేది. అంటే మీ కోడ్ కంపైల్ అయింది (యంత్రభాషలోకి మారింది), ఆగినది ఆ తరువాతి మెట్టు దగ్గర. ఫలానా పేరుతో ఒక ఫంక్షన్ ఉందని, అది ఏ విలువలు తీసుకుని ఏమి తిరిగి ఇస్తుందో హెడర్ కంపైలర్‌కు చెబుతుందే తప్ప, ఆ ఫంక్షన్‌ను తెచ్చి ఇవ్వదు. శుభలేఖలో పేరు అచ్చయినంత మాత్రాన మనిషి పందిట్లోకి వచ్చినట్లు కాదు కదా!

అసలు కారణం ఎడిటర్ అమరికలో ఉంది. డాట్ విఎస్‌కోడ్ ఫోల్డర్లో, ప్రోగ్రాంను ఎలా తయారుచేయాలో చెప్పే టాస్క్స్ డాట్ జేసన్ ఫైలు తెరిస్తే, మైనస్ జి కింది వరుసలో డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లలో ‘ఫైల్’ అని కనిపిస్తుంది. తెర మీద తెరిచి ఉన్న ఒక్క ఫైలునే కంపైల్ చేయమని దాని అర్థం. ఆ బ్రాకెట్లలో ‘ఫైల్’కు బదులు ‘ఫైల్‌డిర్‌నేమ్’ అని మార్చి, బ్రాకెట్ మూసిన తరువాత స్లాష్, స్టార్, డాట్ సి చేర్చితే, ఆ ఫోల్డర్లోని సి ఫైళ్లన్నీ కలిసి కంపైలై లింకవుతాయి. మార్చిన తరువాత కంట్రోల్, షిఫ్ట్, బి నొక్కి బిల్డ్ చేయండి. కోడ్ రన్నర్ ఎక్స్‌టెన్షన్ బటన్ నొక్కవద్దు; అది టాస్క్స్ డాట్ జేసన్‌ను పట్టించుకోదు.

ఇలా ఫైళ్లన్నీ కలిపి కంపైల్ చేసినప్పుడే మీ స్నేహితుడి చిట్కా ఎదురు తిరుగుతుంది. ఇంక్లూడ్ అంటే ఆ ఫైలులోని పాఠాన్నంతా అక్కడ అతికించడమే కాబట్టి, ఛార్జీ ఫంక్షన్ మెయిన్‌లో ఒకటి, సొంత ఫైలులో ఒకటిగా రెండుసార్లు తయారై, లింకర్ ‘మల్టిపుల్ డెఫినిషన్’ అంటుంది. ఛార్జీ డాట్ సిని ఇంక్లూడ్ చేసిన ఆ వరుస తీసేసి, హెడర్‌ను మాత్రమే ఉంచండి. పాత ల్యాబ్ ప్రోగ్రాంలు అదే ఫోల్డర్లో ఉంటే మెయిన్ ఫంక్షన్లు రెండై ఇదే గొడవ వస్తుంది గనుక, ఒక్కో ప్రోగ్రాంకు ఒక్కో ఫోల్డర్ పెట్టుకోండి. బిల్డ్ చేసేటప్పుడు మెయిన్ డాట్ సి తెరిచి ఉండాలన్నది కూడా మరవకండి; ఛార్జీ డాట్ సి తెరిచి ఉంటే, తయారయ్యే ఎగ్జిక్యూటబుల్‌కు (నడిపే ఫైలుకు) ఛార్జీ అనే పేరు పడి, మీరు పాత మెయిన్‌నే మళ్లీ మళ్లీ నడుపుతూ ఉంటారు.