భర్త ఫీల్డ్‌లో, మనం బెంగళూరులో: సాయం ఎవరిని, ఎలా అడగాలి?

"ఆర్మీలో ఉన్న మా ఆయనకు ఫీల్డ్ పోస్టింగ్ (కుటుంబాన్ని తీసుకెళ్లలేని చోట డ్యూటీ) వచ్చింది, మూడేళ్ల పాపతో బెంగళూరులోనే ఉండిపోతున్నాను, తోడు ఎవరుంటారు?" అని మీరు అడిగారు. మా ఆయన ఆర్మీ ఇంజనీర్స్‌లో హవల్దార్. ఆయన రెండుసార్లు ఫీల్డ్‌కి వెళ్లినప్పుడూ నేను హలసూరు దగ్గర మర్ఫీ టౌన్‌లో అద్దె ఇంట్లోనే ఉన్నాను.

మొదటిసారి నేను గట్టిగా ఏడ్చింది గ్యాస్ బండ దగ్గర. డెలివరీ కుర్రాడు గుమ్మంలో నిలబడి కోడ్ చెప్పమన్నాడు. కోడ్ మా ఆయన ఫోన్‌కి పోయింది, ఆ ఫోన్‌కేమో సిగ్నల్ లేదు. బండ వెనక్కి వెళ్లిపోయింది. ఆ వారమే స్కూల్ ఫీజు ఓటీపీ కూడా అంతే. అందుకని ఆయన రైలెక్కే ముందే గ్యాస్, బ్యాంకు మీ నంబరుకి మార్పించండి. పాప పేరు పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబం వివరాలు సర్వీసు రికార్డుకి ఎక్కించే ఆర్డర్) ఎక్కిందా, డిపెండెంట్ కార్డులు మీ చేతికొచ్చాయా చూసుకోండి. కార్డు ఉంటే మామూలు జ్వరానికి ఎంఐ రూమ్ (ఆర్మీ వాళ్ల చిన్న క్లినిక్), పెద్దదైతే పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కమాండ్ హాస్పిటల్. చాలామంది ఈసీహెచ్‌ఎస్‌కి వెళ్లమంటారు, అది రిటైరైనవాళ్ల వైద్య పథకం. ఊళ్లో పొలం తగాదా ఏదన్నా ఉంటే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి అర్జీ పెట్టండి. సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాల పనులు కూడా వాళ్లు చూస్తారు.

ఇక మనుషుల సంగతి. "ఏదన్నా కావాలంటే మొహమాటపడకమ్మా" అని వీధిలో అందరూ అన్నారు. నేను శుభ్రంగా మొహమాటపడ్డాను. ఒక రాత్రి మా బాబుకి 103 జ్వరం. తడిగుడ్డ వేస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. పొద్దున చెబితే మేడ మీది ఓనర్ ఆంటీ, "తలుపు కొట్టడానికి నీకేం రోగం?" అని తిట్టిపోసింది. ఆ తిట్లు బాగా పనిచేశాయి. అప్పట్నుంచి ఎవరికి వాళ్లకి ఒక పని అప్పగించేశాను. ఇంటి రెండో తాళంచెవి ఆంటీ దగ్గర. రాత్రిపూట హాస్పిటల్ అంటే ఎదురింటి నెల్లూరు వాళ్ల కారు. ఆర్మీ క్యాంటీన్ నుంచి బియ్యం బస్తా మోసే పని వీధి చివర రిటైర్డ్ తంబి గారిది (మద్రాస్ శాపర్లని, అంటే మద్రాస్ ఇంజనీర్ దళం జవాన్లని, ఇక్కడ అలాగే పిలుస్తారు). వాళ్ల మనవరాలికి సాయంత్రాలు నేను లెక్కలు చెప్పేదాన్ని. అలా ఉంటే మళ్లీ అడగడానికి నోరొస్తుంది.

ఆయన ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగేవాళ్లు మాత్రం ఆగరు. "డ్యూటీలో" అనండి, అక్కడితో ఆపండి. వాట్సాప్ స్టేటస్‌లో కూడా ఏమీ పెట్టకండి.

యూనిట్ వైపు నుంచి ఒక జేసీఓ సాబ్ (సుబేదార్ లాంటి హోదా ఉన్నాయన) నంబరు తప్పకుండా తీసుకోండి. ఆవా (ఆర్మీ వాళ్ల భార్యల సంక్షేమ సంఘం) మీటింగులకి హిందీ రాదని నేను ఏడాదిపాటు వెళ్లలేదు, తెలివితక్కువ పని. వెళ్లాక తెలిసింది, అక్కడ ఇద్దరు తెలుగువాళ్లున్నారని. ఒకావిడది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటారే, తరతరాలుగా సైన్యంలో చేరేవాళ్ల ఊరు, అదే. ఆవిడ అత్తగారూ, ఆ అత్తగారి అత్తగారూ ఇలా ఎదురుచూసినవాళ్లే.

2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. మా ఆయన దగ్గర్నుంచి ఫోన్ లేదు. నేను టీవీకి అతుక్కుపోయి కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నే మాధవరం అక్క పిల్లలతో సహా దిగింది, వస్తూనే టీవీ ప్లగ్గు పీకేసింది. సంచీలో మామిడికాయలు. "ఇవాళ ఆవకాయ పెడుతున్నాం, కత్తిపీట తియ్యి" అంది. నాకు ఒళ్లు మండింది, నిజం చెప్తున్నా. కానీ ముక్కలు తుడవడం, జీడి తియ్యడం, ఆవపిండి కలపడంలో సాయంత్రమైపోయింది. రాత్రి వాళ్లంతా మా ఇంట్లోనే పడుకున్నారు. కాల్పులు ఆపారన్న కబురు 10న వచ్చింది. మా ఆయన ఫోన్ వచ్చేసరికి మూడో రోజు ఆవకాయ తిరగ కలుపుతున్నాను. నూనె చేతుల్తో ఎత్తలేక, బాబు చేత స్పీకర్ పెట్టించాను.

ఆ ఆవకాయ సెలవు అయిపోయి తిరిగెళ్తున్న కుర్రాడి చేత పంపాను. పంపితే ప్లాస్టిక్ డబ్బాలో, మూత చుట్టూ టేపు వేసి పంపండి. అంతకుముందు ఒకసారి గాజు సీసాలో పంపాను. ఆ కుర్రాడి యూనిఫాం ఇప్పటికీ నాకు గుర్తే.