హాస్టల్‌ని మంగళవారం రాత్రి చూడాలి

బుజ్జీ,

కోఠి ఉమెన్స్‌లో సీటొచ్చిందని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. దాన్నిప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం అనాలి గానీ, మా తరం నోటికి ఇంకా కోఠి ఉమెన్సే వస్తుంది. నెలకి ఎంత పంపాలని నాన్న అడిగితే, అది తర్వాత, ముందు పిల్ల ఎక్కడ ఉంటుందో తేలనీ అన్నాను. హాస్టల్ దగ్గర తప్పు చేస్తే ఆ తర్వాత ఎంత పొదుపు చేసినా నిలవదు.

నా సంగతే చెప్తా. 2003లో దిల్‌సుఖ్‌నగర్‌లో, నెలకి రెండొందలు తక్కువని మెయిన్ రోడ్డుకి బాగా లోపలున్న హాస్టల్లో చేరాను. అక్కడి సాంబారు నోట పెట్టలేక రోజూ సాయంత్రం మిర్చి బజ్జీ, కాస్త చీకటి పడితే బస్టాప్ నుంచి ఆటో. మూడో నెల లెక్క చూస్తే ఆ రెండొందలు మిగలడం అటుంచి ఇంకో ఆరొందలు పైన పోతున్నాయి. ఖాళీ చేస్తానంటే నెల ముందు చెప్పలేదని కొంత, గోడలకి సున్నమని కొంత పట్టుకుని, అడ్వాన్సులో రూపాయి కూడా తిరిగివ్వలేదు. సూట్‌కేసు మోసుకుంటూ ఏడ్చుకుంటూ వచ్చాను.

అందుకే ఓనరు చూపించే గది చూసి మురిసిపోకు. కుళాయి తిప్పు. ఆ అంతస్తులో ఎంతమందికి ఎన్ని బాత్రూములో లెక్కపెట్టు, పొద్దున ఎనిమిదింటికి క్లాసుంటే అదే నీ ప్రాణం తీస్తుంది. అన్నం తింటున్న పిల్లల పక్కన కూర్చుని, నిన్న ఏం కూర పెట్టారని అడుగు, మొహాల్లోనే తెలిసిపోతుంది. అడ్వాన్సు ఎంత, మెయింటెనెన్స్ పేరుతో ఎంత కోస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఈ మూడూ రసీదు వెనక రాయించుకో. రాయనంటే చేరకు, పక్క గల్లీలో ఇంకో పది ఉంటాయి.

బస్సు ఖర్చు మీకు లేదు, అదృష్టవంతులు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడపిల్లలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఫ్రీ. మీ సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ కూడా జీరో టికెట్టే, కాబట్టి ఇంటికి రావడానికి డబ్బుల్లేవని సాకు చెప్పకు. ఒరిజినల్ ఆధార్ దగ్గరుంచుకో. అయితే రద్దీ చూసి విసుగొచ్చి డీలక్స్ ఎక్కితే మాత్రం టికెట్ తీయాల్సిందే. అందుకే మెయిన్ రోడ్డుకి నడిచేంత దూరంలో హాస్టల్ ఉంటే, అద్దె కాస్త ఎక్కువైనా నాకు సమ్మతమే.

పుస్తకాలు కొత్తవి కొనకు. కోఠిలో పాత పుస్తకాల షాపులు మీ కాలేజీకి నడకే, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా పరుస్తారు. సీనియర్ల దగ్గర అడిగితే అదీ అక్కర్లేదు. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, కూర్చుని చదువుకోవడానికి కేఫ్‌లో కాఫీ కొననక్కర్లేదు.

ఇక చేతి డబ్బులు. హాస్టల్ ఫీజు నాన్నే నేరుగా కట్టేస్తాడు, అది నీ ఫోన్లోకే రానివ్వకు. పైఖర్చుకి రెండు వేల ఐదొందలు అనుకో, ఒకటో తారీఖున మొత్తం ఒకేసారి పంపొద్దని నేనే చెప్పాను. వారానికి ఐదొందల యాభై పంపిస్తాడు, నాలుగు వారాలకి రెండు వేల రెండొందలు, మిగతా మూడొందలు అమ్మ దగ్గర ఉంటాయి. నెలంటే నాలుగు వారాలే అనుకుంటాం గానీ పైన రెండు మూడు రోజులుంటాయి కదా, అప్పులు అడిగేది ఆ రోజుల్లోనే. స్కాన్ చేసే యాప్‌కి, వారం వారం ఈ డబ్బులు పడే చిన్న అకౌంట్ ఒక్కటే లింక్ చెయ్యి. స్కాలర్‌షిప్ వేరే అకౌంట్లో పడనీ, ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో ఏటా రెన్యువల్ చేయడం మర్చిపోకు, హాజరు 75 శాతం తగ్గనివ్వకు. అది పడ్డాకే లెక్కలోకి తీసుకో, పడుతుంది కదా అని ముందే ఖర్చు పెట్టకు.

బర్త్‌డేలకి తలా మూడొందలు అంటారు. కేక్ కోసేదాకా ఉండు, బిర్యానీకి రానని నవ్వుతూ చెప్పెయ్యి. మొదటిసారే కష్టం, తర్వాత వాళ్లే అడగరు.

రెండు విషయాల్లో మాత్రం బతిమాలడం కాదు, గట్టిగానే చెప్తున్నా. లోన్ యాప్ ముట్టుకోకు. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ లాక్కుని, కట్టడం ఆలస్యమైతే మీ నాన్నకీ, మాకూ ఫోన్లు చేసి పరువు తీసేవాళ్లు ఉన్నారు. అలాగే నీ బ్యాంకు అకౌంట్ ఇస్తే కమీషన్ ఇస్తామని ఎవరన్నా, అది ఎంత క్లోజ్ ఫ్రెండైనా, ఇవ్వకు. సైబర్ మోసాల డబ్బు అలాంటి అకౌంట్ల మీదుగానే తిరుగుతుంది, పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది అకౌంట్ ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే. నీ డబ్బే పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు. నేను తిట్టను, తిట్టినా డబ్బు పోయినందుకు కాదు, లేటుగా చెప్పినందుకు.

ఆదివారం హాస్టళ్లు చూడ్డానికి వస్తామన్నాడు నాన్న. ఆదివారం వద్దు బుజ్జీ, ఆ రోజు ఏ హాస్టల్లోనైనా చికెన్ బాగానే ఉంటుంది. మంగళవారం సాయంత్రం రండి, రాత్రి ఎనిమిదింటికి, భోజనాల టైముకి వెళ్లి చూద్దాం. తర్వాత మా ఇంట్లోనే పడుకోవచ్చు, దోసెల పిండి రుబ్బి పెడతా.

మీ అత్త